పుట్టిలో నా చోటు

జూరాల నీళ్లలో నేను పట్టిన వాలుగ అంత పెద్ద చేపను గద్వాల చుట్టుపక్కల ఇంకెవరూ పట్టలేదు. తల పుట్టికి, అంటే మా బుట్టలాంటి తెప్పకు, ఈ అంచున ఉంటే తోక ఆ అంచు దాటి నీళ్లలో ఆడింది. నోరు తెరిచిందంటే మా ఇంటి బిందె పట్టేంత. దాని మీసాలు నా చేతికర్రంత పొడుగు. ఈ మాట మూడేళ్లుగా చెబుతున్నాను. మా గల్లీ మొగదల ఉన్న హోటల్లో చెప్పాను, మల్దకల్ జాతరలో చెప్పాను, వనపర్తి దవాఖానలో కంటి ఆపరేషన్ అయ్యాక పక్క మంచాలవాళ్లకు చెప్పాను. కంటికి కట్టు ఉన్నవాళ్లు విన్నంత శ్రద్ధగా మరెవరూ వినలేదు.

ఇప్పుడు కొంత తగ్గించాలి. బిందె కాదు, చెంబు. మీసాలు చేతికర్రంత కాదు, జానెడు ఉంటాయేమో. ఇంకొంచెం తగ్గించమంటే, దాన్ని పట్టింది నేను కాదు. ఇంకా తగ్గించమంటే, అది పుట్టిలోకి రానే లేదు. మిగతాది నెమ్మదిగా చెబుతాను. అన్నీ ఒక్కసారే తగ్గించేస్తే నా దగ్గర చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

ఆ పుట్టి ఎవరిదో ఆయన ఉంటే ఇంత దూరం పోనిచ్చేవాడు కాదు. గద్వాల వచ్చినప్పుడు, హోటల్లో నేను రెండు చేతులూ చాచి చేప పొడుగు చూపిస్తున్నానంటే చాలు, ఎక్కడున్నా లేచి వచ్చి, నా మణికట్లు రెండూ పట్టుకుని మెల్లగా దగ్గరికి తెచ్చేవాడు. బారెడు చేపను మూరెడు చేసేవాడు. "గింతే" అనేవాడు. ఆ ఒక్క మాటే. మళ్లీ పోయి తన చోట్లో కూర్చునేవాడు. హోటల్ మొత్తం నవ్వేది. ఆ చేతుల్లో కోపం ఉండేది కాదు. దుకాణంలో బట్ట కొలిచేవాడు గజం బద్దను సరిచేసినట్టు సరిచేసేవాడు, అంతే.

మొన్న ఆయన కొడుకు మా ఇంటి ముందు బండి ఆపాడు. ఇంజన్ ఆపలేదు.

"మామా, నాయిన పోయిండు. బేస్తవారం పదకొండో దినం. రావాలె నువ్వు."

"ఎట్ల పోయిండు రా?"

"నిద్రల. మంచిగనే పోయిండు."

బండి వెళ్లిపోయింది. నేను అరుగు మీద అలాగే కూర్చున్నాను. కొడుకు చెప్పింది నిజమే కావచ్చు. కానీ ఈ మూడేళ్లలో ఆయన మంచిగా ఉన్నాడో లేడో చూసి రావలసినవాడిని నేను, చూడలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. మేమిద్దరం ఎప్పుడూ పేర్లు పెట్టి పిలుచుకోలేదు. ఆయనది జూరాల వెనక నీళ్ల ఒడ్డున ఉన్న ఊరు, చేపలు పట్టే ఇల్లు. నాది గద్వాల, మగ్గం నేసే ఇల్లు. చుట్టరికం లేదు. అయినా కలిసిన మొదటి రోజే ఆయన నన్ను బావా అన్నాడు, నేనూ బావా అన్నాను. అది అలాగే నిలిచిపోయింది.

ఆ మొదటి రోజు సంగతి చెప్పాలి. అప్పటికి నా మోకాళ్లు మగ్గం గుంటలోకి దిగనంటున్నాయి. నేత మానేసి అరుగు మీద కూర్చుని పోయేవాళ్లనూ వచ్చేవాళ్లనూ సతాయిస్తున్న రోజులు. ఒక పొడుగాటి మనిషి, ప్లాస్టిక్ సంచి పట్టుకుని, ఇల్లిల్లూ ఆగుతూ మా ఇంటిదాకా వచ్చాడు.

"పట్టు తుక్కు ఉన్నదా? ఎర్రది గావాలె. జర జరీ ఉంటె ఇంకా మంచిది."

"ఏం జేస్తవు?"

"కడ్త."

"ఎవరికి?"

"వాలుగకు."

నేను ఊరుకుంటానా? "మా గద్వాల చీరె కట్టుకునే చేపలు గుడ ఉన్నయా?" అన్నాను.

"ఉన్నయి బావా," అన్నాడు, నవ్వకుండా. "మీ చీరె అంచు చూస్తే ఆడోళ్లు ఆగుతరా? ఆమె గుడ ఆడిదే గదా."

సంచిలోంచి తన సరంజామా తీసి అరుగు మీద పెట్టాడు. కాడ కోసేసిన ఇత్తడి చెంచా. దానికి ముందొక బెజ్జం, వెనకొక బెజ్జం. వెనక బెజ్జానికి మూడు కొక్కేల గాలం. ఆ గాలం మొదట్లో ఎర్ర పట్టు కుచ్చు కడితే, నీళ్లలో చెంచా మెరుస్తూ, కుచ్చు ఊగుతూ, దెబ్బ తిన్న చిన్న చేపలా కనబడుతుందట. పుట్టి వెనక నలభై బారల నైలాన్ దారం వదిలి, మెల్లగా తెడ్డు వేస్తూ దాన్ని లాక్కుంటూ పోవాలి. వాలుగ వెనక నుంచి వచ్చి మింగుతుంది. కర్ర లేదు, చక్రం లేదు. దారం చుట్టుకోవడానికి ఒక ఖాళీ నీళ్ల సీసా, ముంచడానికి ఒక సీసం గుండు. ఊరంతా వలలు వేస్తుంటే ఈయన ఒక్కడే ఇలా గాలం లాగేవాడు.

ఆ ఇంట్లో చెంచాలకు గండం వచ్చింది ఇందువల్లే. నేను మొదటిసారి వాళ్లింట్లో అన్నం తిన్నప్పుడు ఆయన భార్య పచ్చడి చేత్తో వేసింది. "ఏమనుకోకు అన్నా. మా ఇంట్ల చెంచాలకు కాడలే మిగిలినయి" అంది. ఆయన తల దించుకుని ముద్ద కలుపుకున్నాడు, తనకేమీ తెలియనట్టు.

నేను ఆ పుట్టిలోకి ఎలా చేరానో కూడా చెప్పాలి. చేపల మీద ఆశతో కాదు. ఆయన కళ్లు మసకబారుతున్నాయి. ఒకరోజు ఒంటరిగా పోయి, గాలికి దారి తప్పి, ఎటు పోతున్నాడో తెలియక అవతలి ఒడ్డున తేలాడు. కొడుకు వెతికి వెతికి సాయంత్రానికి తీసుకొచ్చాడు. ఆ రోజే తన నెత్తి మీద తండ్రి చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించాడు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను.

"ఎవరన్న ఎంట కూసుంటె పో. ఒంటిగ పోయినవంటె పుట్టిని నరికి పొయ్యిల పెడ్త, నాయినా."

"ఎవరు కూసుంటరు రా? అందరికి వలలున్నయి."

కొడుకు నా వైపు చూశాడు. నాకు వలలు లేవు, మగ్గం లేదు, చెయ్యడానికి పని అంతకన్నా లేదు. ఆయన నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, "బరువున్నడు. పనికొస్తడు" అన్నాడు.

పుట్టి గుండ్రంగా ఉంటుంది. ముందొక్కడే కూర్చుని తెడ్డు వేస్తే అది ఉన్నచోటే గిర్రున తిరగాలని చూస్తుంది. వెనక ఒక బరువు ఉంటే చెప్పిన మాట వింటుంది, గాలం దారం సూటిగా సాగుతుంది. ఆ బరువును నేను. హోటల్లో నేను చెప్పుకున్న వేటలన్నిటిలో నేను చేసిన పని అది. కదలకుండా కూర్చోవడం.

వారానికి రెండు మూడు పొద్దులు పోయేవాడిని. మొదటి బస్సు దిగి నీళ్ల దాకా నడిస్తే, ఆయన అప్పటికే పుట్టిని నీళ్లలో ఆనించి ఉండేవాడు. ఎక్కేముందు చేతితో నీళ్లు తీసి కళ్లకు అద్దుకునేవాడు. కొంచెం దూరం పోయాక జొన్నరొట్టెలో చిన్న ముక్క తుంచి నీళ్లలో వేసేవాడు. ఆ తర్వాత ఒడ్డు చేరేదాకా చేప అన్న మాట అనకూడదు. ఆమె అనాలి. నేను ఒకసారి మరిచిపోయి "చేప పడ్డదా?" అని అడిగితే, తెడ్డు ఆపి, పుట్టిని వెనక్కి తిప్పి, ఆ రోజుకు చాలించాడు. దారిలో ఒక్కమాట మాట్లాడలేదు. దిగాక మాత్రం, "ఇంట్ల నీ పెండ్లాన్ని గుడ గట్లనే పేరు వెట్టి పిలుస్తవా?" అన్నాడు.

తెడ్డుకు రెండు చేతులూ కావాలి గనక గాలం దారాన్ని కాలి బొటనవేలి మీదుగా పోనిచ్చేవాడు. ఒక్క చుట్టు, బిగించకుండా. చెంచా ఆడుతోందో లేదో, నాచు తగిలిందో, అడుగున రాయి గీసిందో అన్నీ ఆ వేలితోనే చూసేవాడు. కళ్లు మసకబారాక ఆ వేలు ఇంకా చురుకైంది. ఒకసారి దారాన్ని నా వేలికి మార్చాడు.

"ఏమంటది?"

"సన్నగ వణుకుతున్నది. ఇప్పుడు జర బరువైంది. నాచు ఏమో."

దారం లాగి చూస్తే నాచే. ఆయన వెనక్కి తిరిగి, నా మొహం వైపు కాకుండా నా పాదం వైపు చూస్తూ అన్నాడు: "నలభై ఏండ్లు మగ్గం తొక్కిన కాలు. నీ నెత్తికంటె దీనికే తెలివున్నది."

నా జీవితంలో నాకు దొరికిన మెప్పుల్లో దీన్ని మించింది లేదు. దీన్ని మాత్రం పెంచి చెప్పలేదు.

అలా రెండేళ్లు. ఎన్ని వాలుగలు పట్టారంటే వంద అని చెబుతుంటాను. చేతి వేళ్లకు మించవు. చాలా పొద్దులు ఉత్త చేతులతోనే వచ్చేవాళ్లం. ఆయనకు అది లెక్క కాదు. ఒడ్డెక్కగానే "రేపొస్తవా?" అని అడిగేవాడు. "వస్త" అంటే తలాడించి పుట్టిని బోర్లించేవాడు. రేపు అంటే రేపే కాదు, నేను మళ్లీ వచ్చే రోజు.

ఇక ఆ వాలుగ సంగతి.

చలికాలం. వరద నీళ్లు పోయి, నీళ్లు తేటపడ్డాయి. ఆయన కొత్త చెంచా తయారుచేశాడు. దారాన్ని బెజ్జంలో దూర్చడానికి మూడు నాలుగు సార్లు తడిమాడు, చిక్కలేదు. చెంచానూ దారాన్నీ నా చేతిలో పెట్టాడు.

"ఏసియ్యి బావా."

నా చెయ్యి ఎలాంటిదో గద్వాలలో అడగండి. నూలు చీరకు పట్టు అంచు అతికే చెయ్యి. తెగిన పోగు ముడివేస్తే ముడి ఎక్కడుందో నాకే కనబడకూడదు. నేత ముడికి లెక్క అదే: చిన్నదిగా ఉండాలి, చదునుగా ఉండాలి, మిగిలిన కొస మొదలుకంటా కోసేయాలి. లేకపోతే మగ్గం మీద దువ్వెనలా ఉండే అచ్చు పళ్ల మధ్య ఇరుక్కుని పక్క పోగుల్ని తెంపుతుంది. నైలాన్ దారానికీ అదే ముడి వేశాను. కొసను పళ్లతో మొదలుకంటా కొరికాను. ఆయన బొటనవేలితో తడిమి చూశాడు.

"ముత్తెమున్నట్టున్నది" అన్నాడు.

నీళ్ల మధ్య ఒక గుట్ట కొన తేలి ఉంటుంది. నన్ను అక్కడ కాసేపు దించాడు, వయసు మీద పడ్డాక ఆ అవసరం తరచూ వస్తుంది. బండ చాటుకు పోయి వచ్చేసరికి గాలం నీళ్లలో వదిలి సిద్ధంగా ఉన్నాడు. ఎక్కి నా చోట్లో కూర్చున్నాను. గుట్ట చుట్టూ రెండు చుట్లు తిరిగాం.

మూడో చుట్టులో ఆయన కాలు ఎవరో గుంజినట్టు వెనక్కి పోయింది. వేలి మీది చుట్టు జారింది. తెడ్డు వదల్లేడు, పుట్టి అప్పటికే తిరుగుతోంది. దారాన్ని నా వైపు విసిరాడు.

"పట్టు బావా! గుంజకు, పట్టుకో!"

పట్టుకున్నాను. ఇందులో తగ్గించడానికి ఏమీ లేదు. పుట్టిలో ఇద్దరు ముసలివాళ్లం, మమ్మల్ని అది లాక్కుపోయింది. దారం అరచేతిలో కోసుకుపోతోంది. ఆయన తెడ్డును అటూ ఇటూ వేస్తూ పుట్టిని నిలబెడుతున్నాడు, నోటితో మాత్రం "పెద్దమ్మా, రావే, పెద్దమ్మా" అని పిలుస్తున్నాడు. ఒక్కసారి పైకి వచ్చి దొర్లింది. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, ఆ వెడల్పాటి నోరు, నోటి మూలన ఎర్ర పట్టు కుచ్చు. నేను చూశాను. ఆయనకు కనబడిందో లేదో తెలియదు. "ఎట్లున్నది? ఎట్లున్నది?" అని అడుగుతున్నాడు. నోట మాట రావడం లేదు నాకు. నాకు!

ఆ తర్వాత చేతిలో బరువు లేదు.

దారం చుట్టుకుంటూ వచ్చాను. కొస చేతికి వచ్చింది. తెగిన దారం కొస సూటిగా ఉంటుంది. ఇది పందిపిల్ల తోకలా మెలితిరిగి ఉంది. అంటే తెగలేదు, ముడి జారింది. నలభై ఏళ్లు ముడులు వేసినవాడిని, నాకు ఒకరు చెప్పాలా? నూలు, పట్టు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఈ నున్నటి తడి దారం పట్టుకోదు. కొస మిగల్చకుండా కొరికింది నేనే.

ఆయన చెయ్యి చాచాడు. కొసను ఇచ్చాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలుపుతూ ఉండిపోయాడు. ఒడ్డుదాకా తెడ్డు చప్పుడే. దిగాక ఆయన వేరేవైపు చూస్తూ అడిగాడు: "రేపొస్తవా?"

"వస్త" అన్నాను.

ఆ సాయంత్రం హోటల్లో నా అరచేతి మీది గీత చూసి అందరూ చుట్టూ చేరారు. ఏమైందన్నారు. చెప్పాను. చేప పెరిగింది, పుట్టి తిరిగింది, అందరూ నోళ్లు తెరిచారు. ఎట్ల పోయిందని ఎవరో అడిగారు. అక్కడ ఆగితే బాగుండేది. "ముడి ఊడింది. ముసలాయనకు కండ్లు ఆనుతలేవు, ఏం జేస్తం" అన్నాను. ఆయన అక్కడ లేడు, నా మణికట్లు పట్టుకోవడానికి. ఊళ్లో పేరున్న నేతగాడి ముడి ఊడిందని చెప్పుకోవడానికి నా నోరు తిరగలేదు.

ఆ మాట ఆయన ఊరికి చేరుతుందని తెలుసు. చేరిందని కూడా తెలుసు. ఆ తర్వాత ఏ మొహంతో ఆ పుట్టిలో కూర్చోను? ఈ వారం మోకాలు నొప్పి అనుకున్నాను, వచ్చే వారం మల్దకల్ పోవాలి అనుకున్నాను. కంటి ఆపరేషన్ ఒక నెల తిన్నది. గద్వాలకు చేపలు తెచ్చే మనిషితో ఆయన కబురు పెట్టాడు, "బావ మంచిగున్నడా, వస్తడా" అని. వస్తానని చెప్పమన్నాను. రెండోసారి కబురు వచ్చింది, వస్తానని చెప్పమన్నాను. మూడోసారి ఆ మనిషే నవ్వి, "నువ్వు వచ్చుడు లేదు, ఆయన అడుగుడు ఆగది" అన్నాడు. తర్వాత కబుర్లు రాలేదు. నేను చేప కథను ఇంకాస్త పెంచాను.

బేస్తవారం పోయాను. ఇంటి ముందు డేరా వేశారు. భోజనాలయ్యాక మగవాళ్లు కొందరు నా చుట్టూ కూర్చున్నారు. "పెద్దమనిషీ, ఆ వాలుగ కథ జెప్పు" అన్నారు. ఆయన భార్య గడప దగ్గర గోడకు ఆనుకుని ఉంది. నేను చెప్పాను. బిందె, మీసాలు, అన్నీ. చేతులు చాచాను. చాచిన చేతులు చాచినట్టే ఉండిపోయాయి. ఎవరూ లేచి రాలేదు. అందరూ చూస్తున్నారు, ఇంకా పెద్దది కావాలన్నట్టు.

చేతులు దించి లేచాను. మోకాళ్లు సహకరించకపోయినా గడప దాకా పోయి ఆమె ముందు కూలబడ్డాను.

"చెల్లె, నేను అబద్ధమాడిన. ఆ ముడి ఆయనది గాదు, నాది. నేనే ఏసిన. పోగులకేసే ముడి దారానికి ఏసిన. ఆయన మీద పెట్టి ఊరంత చెప్పిన. ఆయన మనసు ఇరిగింది నా ముడి వల్లనే. ఆయన నీళ్ల మీదికి పోకుంట జేసింది నా ముడే."

కళ్లలో నీళ్లు వచ్చాయి. కొంచెం ఎక్కువే తెచ్చుకున్నానేమో, చుట్టూ మనుషులున్నారు కదా.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"నీ ముడి గాదన్నా" అంది. "నువ్వు బండ చాటుకు పోంగనే దాన్ని కోసి పారేసిండు. 'మగ్గపోళ్ల ముడి సక్కగుంటది, నీళ్లల్ల నిలువది, బావకు చెప్తే చిన్నబోతడు' అని తడుముకుంట తడుముకుంట తనే ఏసిండు. ఊడింది ఆయన ముడి. ఇంటికొచ్చి నాతోని చెప్పిండు. 'బావ చేతులకు ఇచ్చిన, నా ముడి ఊడి పాయె' అని ఆ పొద్దు బువ్వ గుడ తినలే."

నేను నా అరచేతి వైపు చూసుకున్నాను.

"నువ్వు హోటల్ల అన్నది గుడ తెలిసింది. కొడుకు లేశిండు నీ మీదికి. 'ఉన్నదే చెప్పిండు రా బావ' అన్నడు."

దాచను. ఆ క్షణాన నాకు ఊపిరి ఆడింది. మూడేళ్ల బరువు దిగినట్టయింది. నేను చెప్పింది అబద్ధం కాదట, నా ముడి ఊడలేదట. ఆ తేలిక నా మొహంలో కనబడినట్టుంది. ఆమె గొంతు మారింది.

"గట్ల సంబురపడకు. ముడి ఎవలదైతె ఏంది? ఆయన ముడుల కోసం ఏడ్సలే. చేప పాయెనని నువ్వు అలిగినవనుకున్నడు. దినాం పొద్దుగాల అంగీ తొడుక్కొని తయారైతుండె. బస్సు పోయినంక ఇడుస్తుండె. కొడుకు నెత్తి మీద ఒట్టున్నది, ఒంటిగ ఎట్ల పోతడు? పుట్టిల కూసుండనీకె ఒక్క మనిషి గావాలె. నువ్వు రాలే. మూడేండ్లు రాలే. గది చెప్పు అందరికి, చేప సంగతెందుకు?"